మా డ్రైవరు

మేం అద్దెకున్న ఇంటికి ఎదురిల్లు ఆవిడది. వీధిలో అందరూ ఆవిణ్ణి అద్దాలక్క అనేవారు. బజారులో పెద్ద కళ్ళద్దాల దుకాణం ఒకటుంది, అందులో ఫ్రేముల కౌంటరు ఆవిడదే. మొహం చూసి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. ముక్కు కాస్త పక్కకి తిరిగినవాళ్ళు, ఒక చెవి పైకీ ఒకటి కిందకీ ఉన్నవాళ్ళు, నవ్వితే బుగ్గలు లేచి అద్దాలు కనుబొమ్మల మీదకి ఎక్కేవాళ్ళు, అందరూ ఆవిడ కోసమే కాచుకుని కూర్చునేవారు. ఫ్రేము కాడని వేడిగాలి దగ్గర పట్టుకుని, మెత్తబడగానే బొటనవేలితో చిన్నగా వంచి, చెవి వెనక తగిలించి, "ఏదీ, ఓసారి తల ఊపండి," అనేది. అద్దాలు ఇటు కదిలేవి కావు, అటు కదిలేవి కావు.

రోజంతా ఇతరుల మొహాల్లోకి అంత దగ్గరగా చూసే మనిషికి, తనని ఎవరైనా కాస్త ఎక్కువసేపు చూస్తే మాత్రం ప్రాణం చచ్చిపోయేది. చిన్నప్పుడు వాళ్ళిల్లు ఒక లాండ్రీ వెనక రెండు గదులు. నాన్న అందులో ఇస్త్రీ చేసేవాడు. ఎవరూ వచ్చి తీసుకెళ్ళని బట్టల్ని యజమాని అప్పుడప్పుడూ పనివాళ్ళకి పంచేసేవాడు. అలా వచ్చిన నీలం గౌను వేసుకుని బడికెళ్ళిన రోజు, పక్క బెంచీ పిల్ల లేచి నిలబడి, "టీచర్, ఆ గౌను నాది. జేబు దగ్గర సిరా మరక ఉంటుంది చూడండి," అంది. మరక ఉంది. టీచరు ఏమీ అనలేదు. పిల్లలు కూడా ఏమీ అనలేదు, ఊరికే చూశారు.

"పకపకా నవ్వేసినా బావుండేది. అలా చూశారు," అని నాతో చెప్పింది అక్క, ఆ చూపులు ఇంకా ఒంటి మీదే ఉన్నట్టు చేతులు ముడుచుకుని.

ఇంటికెళ్ళి గౌను విప్పి మంచం కిందకి తోసేసింది. అమ్మ అడిగితే పొట్టిదైపోయిందని చెప్పింది. తన గురించి ఎవరైనా ఏదైనా అడిగితే, నిజాన్ని కాస్త ఇస్త్రీ చేసి చెప్పడం అప్పట్నుంచే అలవాటైంది.

ఆవిడ భర్త పంపులు బాగుచేసే షెడ్డులో లేతు మిషను మీద పనిచేసేవాడు. పొడుగాటి మనిషి. జోకు వేసినా మొహంలో నరం కదలదు, అవతలివాళ్ళు ఇంటికెళ్ళాక నవ్వుకోవాలి. ఎంత తోమినా గోళ్ళ కింద నల్లటి గీత పోయేది కాదు. దుకాణంలో చేరిన కొత్తలో "మీవారేం చేస్తారు?" అని అడిగితే, "కంపెనీలో ఇంజినీరు," అనేసింది అక్క. ఆ తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే సందర్భం రాలేదు, ఆవిడ వెతకనూ లేదు.

ఆయన ఒకసారి మూతబడిన నూలు మిల్లులో నీటి పంపు విప్పడానికి వెళ్ళాడు. అక్కడ షెడ్డు మూల, గోనెసంచుల కుప్ప కింద ఒక కారు కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికాలో తయారైంది, పైకప్పు వెనక్కి మడిచేసుకునే పెద్ద కారు. మిల్లు పెట్టిన మొదటి యజమాని ఓడలో తెప్పించుకున్నాడట. ఇప్పుడు దానికి టైర్లు లేవు, టాపు చివికి దారాలైపోయింది, వెనక సీట్లో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. "ఇక్కణ్ణుంచి ఇది పోతే చాలంటున్నారు మావాళ్ళు. కావాలంటే తోసుకుపో," అన్నాడు కాపలా మనిషి.

లారీ మీద ఎక్కించి ఇంటికి తెచ్చాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. కోడి దిగలేదు, కారుతోపాటే వచ్చేసింది. ఆ రోజు ఇంట్లోనే ఉన్న అక్క తమ్ముడు లారీ చుట్టూ ఒకసారి తిరిగి, "బావా, ఇది కారా, తుప్పా?" అని అడిగాడు.

"ప్రస్తుతానికి తుప్పే. లోపల ఎక్కడో కారుంది," అన్నాడు ఆయన.

అంతే, ఆ పూటనుంచి వీధికంతటికీ ఆయన తుప్పు బావ అయిపోయాడు. ఆయన్ని అన్నయ్యా అని పిలవాల్సినవాళ్ళు కూడా తుప్పు బావనే పిలిచేవారు.

ఇంటి పక్క రేకుల పంచలో ఆ కారుతో ఏళ్ళకేళ్ళు గడిపాడు. విప్పిన సామానంతా మెల్లగా ఇంట్లోకి పాకింది. మంచం కింద సీటు స్ప్రింగులు, బీరువా మీద హెడ్‌లైట్లు. పప్పుల డబ్బా కోసం చెయ్యి పెడితే బ్రేకు డ్రమ్ము తగిలేది. దొరకని భాగాల్ని తనే లేతు మీద తిప్పి చేసుకున్నాడు. తలుపుల లోపలి చెక్క పుచ్చిపోతే, ఒక వడ్రంగి దగ్గర కూర్చుని ఆ పనీ నేర్చుకున్నాడు. అక్కకి ఆ పని మీద కోపమేం లేదు. కిటికీలోంచి, ఆయన ఒక రేకుముక్కని గరుకు కాగితంతో రుద్దుతూ, మధ్యలో ఆగి అరచేత్తో తడిమి చూసుకుంటూ ఉంటే, కూర తిప్పడం మరిచిపోయి చూసేది. లోపల్నుంచి చూసినంతసేపూ బాగానే ఉండేది. వీధిలోంచి ఎవరైనా చూస్తున్నారని తెలియగానే కిటికీ మూసేసేది.

దుకాణంలో క్యాషు కౌంటరు దగ్గర ఒక అమ్మాయి ఉండేది, నోట్లో నువ్వుగింజ నానదు. ఓ రోజు వస్తూనే, "అక్కా, మీ వీధిలో ఒక పిచ్చాయన ఉన్నాడు తెలుసా? నిన్న మా పిన్నిగారింటికి అటుగా వెళ్ళాను. తుప్పు కారు కింద పడుకుని పాటలు పాడుతున్నాడు. కాళ్ళొక్కటే కనిపించాయి," అంది.

"ఎవరో పక్కింటాయన," అంది అక్క, ఫ్రేము తుడుస్తూ.

కారు తయారైంది. ముదురాకుపచ్చ రంగు, లేత గోధుమరంగు కాన్వాసు టాపు, గుమ్మడికాయలంత హెడ్‌లైట్లు, తలుపుల కింద మెట్టులా సాగిన ఫుట్‌బోర్డు, స్పోకుల చక్రాలు. తుప్పు బావ అన్నవాళ్ళే వచ్చి బానెట్‌లో మొహం చూసుకుని వెళ్ళారు. "ఎక్కవోయ్, అలా ఒక చుట్టు తిరిగొద్దాం," అన్నాడు భార్యతో. "వీధిలో అందరూ ఉన్నారు కదండీ, తర్వాత చూద్దాం," అంది. ఆ తర్వాత అన్నది వాయిదాల మీద వాయిదాలు పడింది. చివరికి ఆయనకో ఆలోచన వచ్చింది.

ఆ సాయంత్రం ఇంకా వెలుతురు పోలేదు. దుకాణంలో జనం బాగా ఉన్నారు. బయట హారన్ మోగింది, బాతుకి జలుబు చేసినట్టుండే గొంతుతో. ఆ హారన్ని వంటింట్లో నేల మీద పెట్టుకుని ఆయన ఎన్నిసార్లు మోగించి చూశాడో ఆవిడకే తెలుసు.

దుకాణం దుకాణమంతా గుమ్మంలోకి ఉరికింది. టాపు వెనక్కి మడిచిన కారు మెట్లకి ఆనుకుని ఆగి ఉంది. దారిలో రేడియేటరు పొంగితే నీళ్ళు పోయడానికి దిగి, మంచి చొక్కా పాడవకుండా షెడ్డులో వేసుకునే ఖాకీ కోటు తొడుక్కున్నాడు ఆయన. గాలికి జుట్టు రేగకుండా పాత టోపీ ఒకటి. కోటు విప్పడం మరిచిపోయాడు. దిగి, చుట్టూ తిరిగి ఇటు వచ్చి, ముందు తలుపు తీసి పట్టుకుని, భార్యని చూసి నవ్వాడు.

"అక్కా! నీకోసమేనా? మీవారు పంపారా?" అంటూ క్యాషు పిల్ల మోచేత్తో పొడిచింది.

దుకాణం యజమాని కొడుకు, చిన్నయ్యగారంటారు అందరూ, మెట్లు దిగి ఫుట్‌బోర్డు తడుముతూ, "మీదా ఈ కారు? ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం? ఇతనెవరు, డ్రైవరా?" అన్నాడు.

రెండు మాటలు చాలు. 'మా ఆయన' అంటే చాలు. అక్క నోరు తెరిచింది కూడా. ఖాకీ కోటు కనిపించింది, జేబు దగ్గర గ్రీజు కనిపించింది. పక్కన క్యాషు పిల్ల, ఈ కాళ్ళనెక్కడో చూశానే అన్నట్టు, ఆయన చెప్పుల వైపు కళ్ళు చిన్నవి చేసుకుని చూస్తోంది. ఇంజినీరు, పక్కింటి పిచ్చాయన, ఇన్నాళ్ళ మాటలన్నీ ఒక్కసారిగా మీద పడబోతున్నట్టనిపించింది.

"ఆఁ," అంది. "మా డ్రైవరు."

ఆయన చేతికందేంత దూరంలోనే ఉన్నాడు. నవ్వు వెంటనే పోలేదు. కరెంటు పోయాక ఫ్యాను తిరిగినట్టు ఇంకాసేపు ఉండి, ఆగిపోయింది. ముందు తలుపు మెల్లగా వేసేశాడు. వెనక తలుపు తీశాడు.

"ఎక్కండమ్మగారూ," అన్నాడు.

ఎక్కింది. అందరూ చేతులు ఊపారు. చేతులు ఊపింది. దారి పొడుగునా జనం ఆగి చూస్తున్నారు, బస్సుల్లోంచి తలలు బయటికొస్తున్నాయి. ఆవిడకి ఎదురుగా ఉన్నది ఆయన మెడ ఒక్కటే. మెడ మీద వేడి ఇనప రజను పడి కాలిన చిన్న మచ్చ. "ఏమండీ," అంది. గాలికి వినపడలేదేమో. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మళ్ళీ, "ఏమండీ," అంది.

"టాపు వెయ్యమంటారా?" అని అడిగాడు ఆయన, వెనక్కి తిరక్కుండా.

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఆవిణ్ణి 'మీరు' అనలేదు. వెటకారంగా అన్నా తేలికగా ఉండేది. అందులో వెటకారం లేదు. రోడ్డు మీద నలుగురూ వింటారేమోనని, ఆవిడ పరువు కోసం, ఆవిడ మొదలుపెట్టిన నాటకాన్ని ఆయన జాగ్రత్తగా మోసుకొస్తున్నాడు.

ఇంటికొచ్చాక పంచలో నిలబడి, "ఎందుకలా అన్నానో నాకే తెలీదండీ," అంది.

"కోటు విప్పేసి రావాల్సింది. నాదే బుద్ధితక్కువ," అని రేడియేటరు మూత తీసి చూసుకున్నాడు ఆయన.

తిడతాడని కాచుకుంది. తిట్టలేదు. అన్నం తిన్నాడు, పంపుల షెడ్డు కబుర్లు చెప్పాడు, మామూలుగానే ఉన్నాడు. ఎక్కవోయ్ అని పిలవడం ఒక్కటే మానేశాడు.

ఆ దుకాణంలో కళ్ళు పరీక్షించే పెద్దాయన ఉండేవాడు. గోడ మీద అక్షరాల బోర్డు చూపించి చదవమంటాడు కాబట్టి ఆయన్ని అక్షరాల మాస్టారు అనేవారు. ఆయన రిటైరయ్యే రోజు దగ్గర పడింది. అందరూ కలిసి భోజనం పెట్టి, గౌరవంగా ఇంటికి పంపాలనుకున్నారు. చిన్నయ్యగారు నేరుగా అక్క దగ్గరికొచ్చి, "మీ కారూ, మీ డ్రైవరూ ఒక్కపూట ఇస్తారా? మాస్టారు సంబరపడతారు," అన్నాడు. అక్క నీళ్ళు నమిలింది. కాదనడానికి కారణం దొరక్క సరేనంది.

ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. "రేపు వెళ్ళి నిజం చెప్పేస్తానండీ," అని కూడా అంది.

దానికి ఆయన, "ఇప్పుడెందుకు గొడవ? పెద్దాయన ముచ్చట పడుతున్నాడంటున్నావు. నేను డ్రైవరుగానే వస్తాలే, ఒక్కపూటేగా," అన్నాడు.

ఆ మాట వినగానే ఒంట్లో బిగుసుకున్నదేదో వదిలి, హాయిగా ఊపిరి పీల్చుకుంది అక్క. పీల్చుకున్నానని మరుక్షణం తెలిసింది. డ్రైవరు అన్నప్పటికంటే ఆ ఊపిరికే తను ఎక్కువ సిగ్గుపడతానని నాతో చెప్పింది. ఆ మాట తొందరలో జారిపోయిందనుకోవచ్చు, ఈ ఊపిరికి మాత్రం ఏ తొందరా లేదు.

భోజనాలు దుకాణం మేడ మీద. ఆయన కింద కారు దగ్గరే ఉండిపోయాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అక్కకి కింద జరిగేదంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. చిన్నయ్యగారు మెట్ల మీద నిలబడి, "ఏయ్, ముందద్దం మీద మరకుంది చూడు, తుడువు," అన్నాడు. ఆయన తుడిచాడు. "నీకు ఇక్కడికే పంపిస్తా, ఆ మెట్టు మీద కూర్చుని తినెయ్. చేతులు మాత్రం కారుకి తుడవకు," అన్నాడు చిన్నయ్యగారు నవ్వుతూ. ఆ కారుకే ఏళ్ళు ధారపోసిన మనిషి తలూపి, మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో కంచం పెట్టుకుని తిన్నాడు.

"మంచివాడక్కా మీ డ్రైవరు. ఎన్నాళ్ళనుంచీ ఉన్నాడేంటి?" అని అడిగింది క్యాషు పిల్ల, పక్కన కూర్చుని.

"నా పెళ్ళైన దగ్గర్నుంచీ," అంది అక్క.

భోజనాలయ్యాక అందరూ కిందకి దిగారు. అక్షరాల మాస్టారు కారు చుట్టూ చిన్నపిల్లాడిలా తిరిగాడు. తలుపు తీసి వేశాడు, తీసి వేశాడు. ఆ తలుపు పడే చప్పుడు అంత మెత్తగా ఉంది. "ఎంత బాగా చేశారయ్యా! ఎవరు చేశారు ఇదంతా?" అని అడిగాడు.

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా అయ్యగారండీ. దగ్గరుండి చేయించుకున్నారు," అన్నాడు.

"ఎక్కడ చేయించారు?"

"ఎవరో పెద్ద మెకానిక్‌లండీ. నాకంతగా తెలీదు."

మాస్టారు అక్క వైపు తిరిగి, "అమ్మా, మీవారి చేతులకి ఒకసారి దణ్ణం పెట్టాలి. ఎప్పుడైనా పరిచయం చెయ్యండి," అన్నాడు.

అక్క ఆయన చేతుల వైపు చూసింది. ఇంత కారూ చేసి, నాకు తెలీదు అని కట్టుకుని నిలబడ్డ చేతులు. భరించలేకపోయింది.

"ఈయనేనండీ," అంది.

"ఎవరు?"

"మా ఆయన ఈయనే. కారు చేసిందీ ఈయనే, మొత్తం తన చేత్తోనే చేశాడు. డ్రైవరు కాదు. ఇంజినీరూ కాదు, లేతు మిషను మీద పనిచేస్తాడు. నేనే... చెప్పుకోవడానికి సిగ్గేసి అలా అన్నాను."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. క్యాషు పిల్ల, "అయితే ఆ కారు కింద కాళ్ళూ..." అని, నాలుక కరుచుకుంది. చిన్నయ్యగారి మొహం కందగడ్డలా అయిపోయింది. "అయ్యో, తెలియక ఏదో నువ్వు గివ్వు అనేశానండీ," అంటూ తడబడ్డాడు. అందరూ ఒకసారి ఆవిడ వైపూ, ఒకసారి ఆయన వైపూ చూశారు. ఆయన వైపే ఎక్కువసేపు చూశారు.

ఆయన మొహం పాలిపోయింది. టోపీ సర్దుకుని, "ఎక్కండి మాస్టారూ, ఎండ మండిపోతోంది," అన్నాడు. మాస్టారు మారుమాట్లాడకుండా ఎక్కాడు. ముందు సీట్లోనే కూర్చున్నాడు. కారు వెళ్ళిపోయింది. అక్క మెట్ల మీద నిలబడిపోయింది.

నిజం చెప్పేశాను, ఇక బరువు దిగిపోతుంది అనుకుంది. ఆయన ఇంటికొచ్చి కారుని పంచలో పెట్టి, దాని మీద పెద్ద టార్పాలిన్ కప్పి, తాడుతో కట్టాడు. కట్టడం అయ్యాక అప్పుడు మాట్లాడాడు.

"నువ్వు నన్ను చూసి సిగ్గుపడ్డావన్న సంగతి నీకూ నాకూ మాత్రమే తెలుసు. ఇంట్లో ఉన్న సంగతి, మెల్లగా అరిగిపోయేది. ఇప్పుడు బజారంతటికీ తెలుసు, వీడి పెళ్ళాం వీణ్ణి మొగుడని చెప్పుకోలేకపోయిందని. నీ బరువు దింపుకున్నావు, బాగానే ఉంది. నా నెత్తిన దింపావు."

ఆయన అన్నది అక్షరాలా నిజం. అందరి ముందూ చెప్పేసినప్పుడు కూడా, తన గుండెలో మంట ఆరితే చాలనుకుంది. ఆయన మొహం ఏమవుతుందోనని ఆలోచించలేదు.

దుకాణంలో ఎవరూ ఏమీ అనలేదు. అక్క లోపలికి రాగానే మాటలు ఆగిపోయేవి, అంతే. చిన్నయ్యగారు ఒకరోజు వచ్చి, "మీవారికి చెప్పండి, ఆయన ఎవరో తెలిసుంటే అలా మాట్లాడేవాణ్ణి కాదు," అన్నాడు. నిజంగా డ్రైవరే అయితే అలా మాట్లాడొచ్చా అని నాలుక చివరిదాకా వచ్చింది అక్కకి. ఆ మాట అడగడానికి తనకేం మొహముందని మింగేసింది. క్యాషు పిల్ల మాత్రం కొన్నాళ్ళకి మామూలైంది. "మా నాన్న సైకిలుకి గాలి కొడతాడక్కా. నేనూ ఇక్కడ వ్యాపారమని చెప్పాను," అంది ఓ మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

ఇంట్లో మాటలుండేవి గానీ అవసరానికే. నీళ్ళొచ్చాయా, తలుపు వేశావా. అక్కకి ఎప్పుడూ తట్టని విషయం ఒకటి అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో తను ఆయన పనిచేసే చోటికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. దుకాణానికి సెలవున్న రోజు భోజనం డబ్బా కట్టుకుని బయల్దేరింది.

షెడ్డు నిండా నూనె వాసన, ఇనప రజను, చెవులు హోరెత్తే చప్పుడు. గుమ్మంలో ముసలి పనివాడొకడు పైపు కోస్తూ తలెత్తి, "ఎవరు కావాలమ్మా?" అని అడిగాడు. చెప్పింది. అతను చేతిలో రంపం కింద పెట్టి లేచి, "ఓరి నాయనో, డాక్టరమ్మగారు! ఒరేయ్, స్టూలు తెండ్రా, తుడిచి తెండి!" అని కేకేశాడు.

అక్కకి అర్థం కాలేదు. మిషన్లు ఆపి అందరూ చుట్టూ చేరారు. "మీ ఆయన ఎప్పుడూ చెప్తుంటాడమ్మా, మా ఆవిడ కళ్ళ డాక్టరు, కంట్లోకి ఒక్కసారి చూసిందంటే లోపలున్న జబ్బు పట్టేస్తుందని. నా కుడికన్ను మసగ్గా ఉంటోంది, కాస్త చూద్దురూ," అని ముసలాయన మొహం ముందుకి పెట్టాడు.

అప్పుడే ఆయన భుజం మీద పైపుతో లోపలికొచ్చాడు. స్టూలు మీద భార్య, ఎదురుగా వంగున్న ముసలాయన. గుమ్మంలోనే ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. కాదంటే ఆయన మాట పోతుంది. ఇంకోసారి, ఇంకో గుంపు ముందు, తన నోటితోనే. అక్క తడుముకుని, "ఇక్కడ వెలుతురు చాలదండీ. దుకాణానికి రండి, అక్కడ పెద్ద మిషనుంది, బాగా చూస్తారు," అంది.

ఆయన పైపు దించి, "డాక్టరు కాదు బాబాయ్," అన్నాడు. "కళ్ళద్దాల కొట్లో ఫ్రేములు బిగిస్తుంది. నేనే నాలుగు కోతలు కోశాను."

షెడ్డంతా గొల్లున నవ్వింది. "ఓరి నీ కోతలు తగలెయ్యా! చిన్నవైనా కావే!" అన్నారెవరో. ముసలాయన కూడా కన్ను నులుముకుంటూ నవ్వాడు. ఎవరి పనికి వాళ్ళు పోయారు. అంతటితో అయిపోయింది. నిజం అంత తేలిగ్గా బయటపడి, అంత తేలిగ్గా సద్దుమణగడం అక్క తన జన్మలో చూడలేదు.

బోర్లించిన చెక్కపెట్టె మీద డబ్బా విప్పుకుని కూర్చున్నారు. కాసేపటికి, "డాక్టరని ఎందుకన్నారు?" అని అడిగింది.

"నువ్వు ఇంజినీరని ఎందుకన్నావు?"

ఇద్దరూ రెండేసి ముద్దలు తిన్నారు.

"నాది గొప్ప కోసం, నీది సిగ్గుకొద్దీ. రెండూ ఒకటి కాదులే," అన్నాడు ఆయన.

"కాదు," అని ఒప్పుకుంది అక్క. అప్పుడు ఏడ్చింది, మిషన్ల చప్పుడులో ఎవరికీ వినపడకుండా. ఆయన ఓదార్చలేదు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

ఆ ఒక్కరోజుతో అంతా సర్దుకుపోయిందని చెప్పను. టార్పాలిన్ చాలాకాలం అలాగే ఉంది. మంచి మాటల మధ్యలో ఉన్నట్టుండి ఆయన మౌనమైపోయేవాడు, ఎందుకో ఆవిడకి తెలిసేది. కొత్తగా ఎవరు పరిచయమైనా అక్క ఈ సంగతి తనే ముందుగా చెప్పేస్తుంది. మేం ఆ ఇంట్లో దిగిన మొదటి వారంలోనే నాకు చెప్పింది, ఇంకెవరి నోటా వినకముందే. చెప్తున్నంతసేపూ ఆవిడ కళ్ళు నేల మీదే ఉన్నాయి. 'మా డ్రైవరు' అన్న చోటికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయి, నేను ముందుకి వంగి వినాల్సొచ్చింది.

టార్పాలిన్ విప్పిన రోజు మాత్రం నేను కళ్ళారా చూశాను. సెలవు పూట పొద్దున్న. ఆయన తాళ్ళు విప్పుతుంటే అక్క రెండో వైపు పట్టుకుని లాగింది. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు, ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుంది. బిగుసుకుపోయి, మొహం దించుకుని. మా గుమ్మం ముందునుంచే వెళ్ళారు.

నేనూ కూరగాయలకని సంచి పట్టుకుని బయల్దేరాను. బజారు మలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఎత్తు మీద కారు ఆగి ఉంది. రెండుసార్లు దగ్గి, మూడోసారి నోరు మూసేసింది. అప్పటికే చుట్టూ గుంపు. వెనక బస్సు హారన్ల మీద హారన్లు కొడుతోంది. ఆయన స్టీరింగు వదల్లేక, చెమటలు కక్కుతూ, "ఏమోయ్, దిగి తొయ్యి!" అని అరిచాడు.

బజారు బజారంతా విన్నది. అక్క మొహం ఎర్రగా కందిపోయింది. ఒక్క క్షణం సీట్లోనే ఉండిపోయింది. తర్వాత తలుపు తీసుకుని దిగి, వెనక్కి వెళ్ళి, చెప్పులు పక్కన వదిలి, రెండు చేతులూ కారుకి ఆనించింది. "ఇంకా గట్టిగా!" అని కేక. "తోస్తూనే ఉన్నానండీ!" అని ఈవిడ కేక. "ఎవరమ్మా అతను, అలా అరుస్తున్నాడు?" అని ఉల్లిపాయలమ్మే మనిషి అడిగితే, "మా ఆయన. ఊరికే చూడకపోతే మీరూ ఓ చెయ్యి వెయ్యొచ్చుగా," అంది రొప్పుతూ.

అతను వేశాడు. నేనూ సంచి కింద పెట్టి వేశాను. ఎత్తు దాటి వాలులోకి రాగానే ఇంజను ఒక్కసారి తుమ్మి అందుకుంది. కారు ముందుకి దూకింది. ఆపితే మళ్ళీ చస్తుందని ఆయన ఆపలేదు. అక్క చెప్పులు చేత పట్టుకుని వెనకాలే పరిగెత్తి, ఫుట్‌బోర్డు మీదకి ఎక్కి, తలుపు పట్టుకుని వేలాడుతూ మలుపు తిరిగిపోయింది. ఆయన పెట్రోలు గొట్టంలో చెత్త గురించి ఏదో గట్టిగా చెప్తున్నాడు, ఆవిడ ఇంకా గట్టిగా తిడుతోంది.